పదకొండు తిప్పులు

ఆమెను అందరూ అద్దాలక్క అనేవారు. కళ్లజోళ్ల దుకాణంలో, కౌంటరు వెనక ఇరుకు గదిలో, పంతొమ్మిదేళ్లుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. నలభై రెండో ఏట ఒక అద్దం పగిలి ఎడమ అరచెయ్యి తెగింది. గాయం మానింది గానీ చివరి మూడు వేళ్లూ పుల్లల్లా బిగుసుకుపోయాయి. రబ్బరు బంతి నొక్కమన్నాడు డాక్టరు. రెండు రోజులు నొక్కేసరికి ఆమెకు ప్రాణం విసిగింది. బంతిని అటక మీదికి విసిరేసి, రంగుల క్యూబు ఒకటి కొనుక్కొచ్చింది.

"ఈ వయసులో ఆ బొమ్మేమిటి వదినా? నలుగురూ నవ్విపోతారు," అంది ఆడపడుచు.

"నవ్వనీ. నోళ్లు నొప్పి పుడితే వాళ్లే ఆపుతారు."

నాలుగు నెలల్లో రెండు నిమిషాల్లోపే రంగులన్నీ కలపగలిగింది. ఇంకా వేగం కావాలనిపించి, ఆదివారం పూట రీడింగు రూము మేడమీద కలుసుకునే క్యూబు సంఘంలో చేరింది.

సంఘం అన్నది పెద్ద మాట. ఆమె కాక పద్దెనిమిది మంది సభ్యులు, రెండు బల్లలు, ఒక గోడగడియారం. వాళ్ల మీద అధ్యక్షుడు, బీమా ఆఫీసులో రిటైరైన పెద్దమనిషి. ఏ ముక్క ఎక్కడ ఇరుక్కుంటే ఏ వరసను ఎటు తిప్పాలో చెప్పే క్రమాన్ని అక్కడ ఫార్ములా అంటారు. అవి ఫైలు నిండా పెట్టుకున్నాడు గనక ఆయన ఫార్ములా సారు అయ్యాడు. అందులో ఒక్కటీ ఆయన బుర్రలో పుట్టింది కాదు, అక్కడా ఇక్కడా ఏరుకొచ్చినవే. అయినా సొంత పొలంలో పండించినట్టు, నెలకొకటి చొప్పున, మొహాలు చూసి మరీ దానం చేసేవాడు. కాస్త ఎక్కువ వంగినవాళ్లకు కాస్త ముందు దక్కేది.

"చివరి వరసలో మూడు ముక్కలు తారుమారైతే ఎలా తిప్పాలి సారూ?" అని అడిగింది అద్దాలక్క.

"అది పై తరగతి వాళ్లకమ్మా. ముందు వేగం పెంచుకో."

"అది తెలిస్తేనే కదండీ వేగం పెరిగేది?"

"తొందర పనికిరాదు."

వేగం కోసం పెట్టుకున్న సంఘంలో తొందర పనికిరాదట! పద్దెనిమిది తలలూ భక్తిగా ఊగాయి. ఆ ఊపుడు చూసి ఆమెకు ఒళ్లు మండింది.

ఆరు వారాలు ఇంట్లో కూర్చుని తనే పట్టుకుంది. ఎడమ చెయ్యి క్యూబును ఊరికే పట్టుకుంటే చాలు. కుడి చెయ్యే కుడి వరసనూ పై వరసనూ మార్చి మార్చి తిప్పుతుంది. మొత్తం పదకొండు తిప్పులు. పూర్తయిన వైపును వెనక్కి పెట్టి పట్టుకోవాలని మొదటి వాక్యం రాసి, కింద తిప్పులన్నీ వరసగా వేసి, పద్దెనిమిది కాగితాలు పంచింది.

ఫార్ములా సారు కళ్లజోడు సర్దుకున్నాడు. "పరీక్షించకుండా ఇలాంటివి పంచకూడదు. ఇలా ఇవ్వండి." పద్దెనిమిది మందీ బడిపిల్లల్లా తిరిగిచ్చేశారు. కాగితాలు ఫైల్లోకి వెళ్లిపోయాయి.

మరుసటి నెల సంఘం వార్షికోత్సవం. సారు చిన్న పుస్తకం అచ్చువేయించాడు. మధ్య పేజీలో, లావు అక్షరాల్లో, 'అధ్యక్షుల వారి నూతన పద్ధతి'. అదే పదకొండు తిప్పులు. పైనున్న వాక్యం మాత్రం లేదు. అదెందుకో ఆయనకు అర్థమైతే కదా! అందరినీ క్యూబులు పట్టుకోమని, కవాతు చేయించినట్టు గట్టిగా చదివాడు. తిప్పారు. అప్పటిదాకా బాగున్న వైపు కూడా చెడింది. మళ్లీ చదివాడు. మళ్లీ తిప్పారు. సారు చేతిలోని క్యూబు అందరికన్నా అధ్వాన్నంగా తయారైంది.

అద్దాలక్క లేచి నిలబడింది. "మొదటి వాక్యం ఏమైంది సారూ?"

"ఏ వాక్యం?"

"పూర్తయిన వైపు వెనక్కి ఉండాలని రాసిచ్చాను కదండీ."

"అది... అచ్చులో జారిపోయింది. అయినా ఇదేమన్నా నీ ఒక్కదాని సొత్తా?"

"కాదు. లోకంలో ఎవరో ఈపాటికే కనిపెట్టి ఉంటారు. అందుకే నేను అందరికీ పంచాను. మీరు పోగుచేసి దాచి, మీ పేరు తగిలించుకున్నారు. పోనీ, దొంగిలించిందైనా శుభ్రంగా చూసి రాసుకోవద్దూ?"

ఆమె చెప్పినట్టు పట్టుకుని తిప్పితే, ఒకరి తర్వాత ఒకరికి రంగులు కలిశాయి. "ఇకనుంచి మీరే అధ్యక్షురాలిగా ఉండండక్కా," అన్నాడు ముందు బల్ల దగ్గరాయన. తలలన్నీ ఊగాయి. అవే తలలు, అదే ఊపుడు. ఈసారీ ఆమెకు ఒళ్లు మండింది.

"క్యూబు తిప్పడానికి అధ్యక్షులెందుకయ్యా? మీకు చేతుల్లేవా?"

మర్నాటినుంచి తనకు తెలిసిన ఫార్ములాలన్నీ ఒక్కో కాగితం మీద రాసి, కింద రీడింగు రూము నోటీసు బోర్డుకు గుచ్చడం మొదలుపెట్టింది. కావలసినవాళ్లు రాసుకుపోయేవారు. ఆమె వేళ్లలో రెండు బాగానే వంగాయి, చిటికెన వేలు మాత్రం ఎప్పటికీ వంగలేదు. రంగులు కలపడం నలభై సెకన్లకు దిగింది.

ఆరోగ్యం బాగోలేదని సారు సంఘానికి రావడం మానేశాడు. రెండు నెలల తర్వాత ఒక బుధవారం మధ్యాహ్నం, పత్రిక తిరిగివ్వడానికి రీడింగు రూముకు వెళ్లిన అద్దాలక్కకు ఆయనే కనిపించాడు. నోట్‌బుక్కు బోర్డుకు ఆనించి గబగబా రాసుకుంటున్నాడు. ఆమెను ఓరకంట చూసి, మొహం మాత్రం తిప్పకుండా, "ఈ నాలుగో తిప్పు ఎడమకా, కుడికా?" అని గొణిగాడు.

"అక్కడే రాసుంది కదండీ. నిదానంగా చదువుకోండి," అని ఆమె పత్రిక బల్లమీద పెట్టి, పనికి వెళ్లిపోయింది.