మాస్టారిని లండన్ పంపిన ఫ్లెక్సీ

నేను మొదటి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ గురువుకైనా ఫ్లెక్సీయే ప్రాణం. అరువు కోటు తొడుక్కుని, చేతులు కట్టుకుని, మెట్రో స్తంభం పక్కన నిలువెత్తున నిలబడకపోతే ఆయనకి పాఠం చెప్పడం రానట్టే లెక్క. ఆ ఫ్లెక్సీల మీద రాతలు రాయడమే నా పని. డిగ్రీ అప్పుడే పూర్తయింది. వనస్థలిపురం నుంచి బస్సులో వేలాడుతూ వచ్చేదాన్ని, ప్రపంచంలో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. (ఆ భ్రమ వదలడానికి మూడు నెలలు సరిపోయాయి లెండి.)

మా డైరెక్టర్ గారు అంతకుముందు ఇంజనీరింగ్ కోచింగ్ నడిపిన మనిషి. చీరల షాపు పైన రెండో అంతస్తులో సంగీత సంస్థ పెట్టారు. కీబోర్డు, గిటారు క్లాసులు బాగానే నడుస్తుంటే, ఆయనకి ఉన్నట్టుండి కంపోజిషన్, ఆర్కెస్ట్రేషన్ కోర్సు మీద మనసు పడింది. అంటే పాటకి బాణీ కట్టడం, అందులో ఏ వాద్యం ఎప్పుడు పలకాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో రాసివ్వడం. అది నేర్పడానికి ఎల్బీనగర్ నుంచి ఒక పెద్దాయన్ని తెచ్చారు. ఆయన్ని అందరూ బ్యాండ్ మాస్టారు అనేవారు. "ఆదివారం డెమో క్లాసులో పదిమంది చేరితే సరే, లేకపోతే కోర్సు ఎత్తేసి ఆయన్ని పంపించేద్దాం. బ్యాక్‌గ్రౌండ్ అదిరిపోయేలా రాయమ్మా," అన్నారు డైరెక్టర్ గారు.

నోటుబుక్కు పట్టుకుని మాస్టారి ఎదురుగా కూర్చున్నాను. "మాస్టారూ, మీరెక్కడ నేర్చుకున్నారండీ?"

"మా నాయిన కాడ. పోచంపల్లి దిక్కు మగ్గం మాది. గళ్ల కాగితం మీద రంగులేసి చీర డిజైన్ గీస్తుండె మా నాయిన. నేనేమో పెండ్లి బ్యాండ్ల క్లారినెట్ ఊదేటోన్ని. మావోళ్లకు స్వరాలు చదువరాదు. గందుకని గదే కాగితం తెచ్చి, ట్రంపెట్‌కు ఎర్ర గడి, క్లారినెట్‌కు నీలం గడి, డ్రమ్ముకు నల్ల గడి ఏసిచ్చిన. రంగుంటే వాయించాలె, లేకుంటే గప్‌చుప్ ఉండాలె. ఇరవై ఏండ్లు గట్లనే నడిపిన బిడ్డా."

"దూరం ఎక్కడికైనా వెళ్లారా అండీ?"

"షోలాపూర్ పోయిన ఒక్కపారి. పెండ్లి బారాత్."

ఆయన గొంతులో ఏ కోశానా బెరుకు లేదు. బెరుకంతా నాకే. మగ్గాలూ బారాత్‌లూ ఫ్లెక్సీ మీద పెడితే ఎవరొస్తారు? షోలాపూర్ కొట్టేసి లండన్ చేశాను. రెండు రోజుల్లో మాస్టారు 'లండన్‌లో శిక్షణ పొందిన ఆర్కెస్ట్రేషన్ నిపుణులు'గా, వెనకాల ఓ పెద్ద గడియారపు గోపురంతో సహా వెలిశారు. (గోపురం కూడా నా ఐడియాయే, ఒప్పేసుకుంటున్నాను.) ఫ్లెక్సీ మలక్‌పేట వైపు తిరిగి ఉంది, ఆయన ఎల్బీనగర్ వైపు నుంచి షేర్ ఆటోలో వస్తారు, కాబట్టి ఆయన కంట పడలేదు. చెబుదాం చెబుదాం అనుకుంటుండగానే ఆదివారం వచ్చి కూర్చుంది.

హాలు నిండిపోయింది. పిల్లల కంటే తల్లిదండ్రులే ఎక్కువ. మాస్టారు నోరు తెరిచారో లేదో, ముందు వరసలో కళ్లద్దాలాయన లేచి, "సార్, లండన్ల మీరు ఏ కాలేజీల చదివిన్రు? జర చెప్పుర్రి," అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మాస్టారు నా వైపు చూశారు. కనుబొమలతో, చేతులతో, చివరికి దండం పెట్టి కూడా, ఏదో ఒక కాలేజీ పేరు చెప్పేయమని బతిమాలాను.

"లండనా? షోలాపూర్ దాటితే ఒట్టు సార్. నేను పెండ్లి బ్యాండోన్ని," అన్నారాయన.

"మరి బయట రాసిందేంది? మోసం కాదా ఇది?" అని ఎవరో అరిచారు. కుర్చీలు కిర్రుమన్నాయి. సగం హాలు ఖాళీ అయింది. డైరెక్టర్ గారి మొహం మాడిపోయింది. మాస్టారు మాత్రం వెళ్లేవాళ్లని ఆపలేదు. సంచిలోంచి గళ్ల కాగితాలు తీసి, ఉన్నవాళ్లకి పంచారు. ఎర్ర గడికి ఎడమవైపు వాళ్లు చప్పట్లు, నీలానికి కుడివైపు వాళ్లు చిటికెలు, నలుపుకి కళ్లద్దాలాయన బల్ల మీద గుద్దాలి. మొదటిసారి గిన్నెల అంగడి కూలినట్టు వినబడింది. "ఇంకోపారి," అన్నారు మాస్టారు. మూడోసారికి ఆ చప్పట్లూ చిటికెలూ ఒకదాన్నొకటి అందుకుని, అమ్మో, నిజంగా పాటలా నడిచాయి! కళ్లద్దాలాయన మాస్టారు ఆపమన్నా ఆపడే.

అందరూ వెళ్లాక డైరెక్టర్ గారు కోర్సులో చేరినవాళ్ల ఫారాలు లెక్కపెట్టారు. తొమ్మిది. మళ్లీ లెక్కపెట్టినా తొమ్మిదే. "మాట మాటే కదమ్మా," అన్నారు నాతో, మాస్టారి వైపు చూడలేక.

మాస్టారు సంచి భుజాన వేసుకుని నా దగ్గరికొచ్చారు. తిట్టినా బాగుండేది. "బిడ్డా, నువ్వడిగినవ్, నేను ఉన్నదున్నట్టు చెప్పిన. నాకు సిగ్గు కాలే. నీకెందుకైంది?"

"తప్పయిపోయింది మాస్టారూ," అన్నాను. ఏడుపు తన్నుకొచ్చింది. నా సొగసు రాతల వల్ల ఆ పెద్దాయన పని పోతోంది మరి.

బల్ల మీదున్న ఖాళీ ఫారం లాక్కున్నాను. పేరు రాశాను, వయసు రాశాను. 'సంగీతంలో మీ నేపథ్యం' అన్న చోట చెయ్యి దురద పెట్టింది. చిన్నప్పుడు రెండు నెలలు వీణ నేర్చుకుని పారిపోయిన ఘనత ఉంది నాకు. దాన్ని 'బాల్యం నుంచే వీణాభ్యాసం' చెయ్యడం ఎంతసేపు? 'బా' దాకా రాశాను కూడా. పక్కన మాస్టారు నిలబడి చూస్తున్నారు. 'బా' కొట్టేసి, 'ఏమీ లేదు' అని రాసిచ్చాను. డైరెక్టర్ గారు ఫారం అటూ ఇటూ తిప్పి, నిట్టూర్చి, "పది," అన్నారు.

ఆ కోర్సు ఆర్నెల్లు చేశాను. సంగీతం మాత్రం నా వంక తొంగి చూడలేదు. ఇప్పుడు ముప్పై దాటి, ఊళ్లోవాళ్లందరి గురించీ రాసే పనిలోనే ఉన్నాను. ఆ రెండు మాటలు రాయడానికి అంత యాతన పడ్డ పిల్ల గుర్తొస్తే నవ్వాగదు. ఎదురుగా కనబడితే మాత్రం, పక్కన కూర్చోబెట్టుకుని వేడిగా ఓ టీ ఇప్పించాలనిపిస్తుంది.