విమానానికో బస్కీ

విమానం లేస్తే ఈశ్వరయ్య కూర్చుంటాడు. కూర్చోవడమంటే కుర్చీలో కాదు, బస్కీ తీయడం. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన రెండేళ్లకు, డెబ్బై రెండేళ్ల వయసులో ఆయనకు పట్టుకున్న పిచ్చి ఇది. నెత్తి మీద ఎన్ని విమానాలు పోతే అన్ని బస్కీలు.

సగం గడ్డం గీయించుకుని బస్కీ తీస్తే, మంగలి బాలమల్లు కత్తితో సహా కిందికి వంగాల్సి వచ్చింది. ఒక పెళ్లిలో అక్షింతలు చేతిలో ఉండగానే చటుక్కున కూలబడ్డాడు. పెళ్లికొడుకు తండ్రి పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో, ఏమైందే ఈశ్వరన్నా?"

"ఏం గాలే. ఢిల్లీది పోతున్నది" అన్నాడు ఈశ్వరయ్య, నిమ్మకు నీరెత్తినట్టు.

ఈ కథలన్నీ భార్య అనంతమ్మ మంచంలోంచే వినేది. చికున్‌గున్యా తగ్గి నెలైనా కీళ్లు వదల్లేదు. కదలకపోతే మోకాళ్లు బిగుసుకుపోతాయని డాక్టరు చెప్పినా ఆమెకు భయం. స్నానానికి కూడా కోడలు సంతోషి భుజం పట్టుకునే పోవాలి. ఆ మాట తలచుకుంటేనే ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

మంచులో తెల్లవారుతుండగా, ఒకప్పుడు తాము జొన్న కోసిన చెలకల దిక్కు నుంచి సన్నగా మోత మొదలయ్యేది. గూట్లో గ్లాసులు వణికేవి. సగం నిద్రలో అనంతమ్మకు మంచమే గాల్లోకి లేస్తున్నట్టు ఉండేది. అంతలో వాకిట్లోంచి కేక.

"ఏమే, కూసున్న గని లేవస్తలేదు. జర చెయ్యియ్యి!"

"సంతోషిని పిలువరాదు?"

"కోడలితోని లేపించుకుంటరానే? ఇజ్జత్ పోతది!"

తిట్టుకుంటూ, గోడ పట్టుకుంటూ, మెల్లగా పోయి చెయ్యిచ్చేది. విమానానికోసారి. రోజుకు పది, పదిహేను, ఇరవై సార్లు. పోనుపోను గోడ పట్టుకోవడం మరిచిపోయింది, తిట్టడం మాత్రం మరువలేదు.

ఓ రోజు కోపం పట్టలేక గల్లీ చివర బాలమల్లు దుకాణానికే పోయింది. "బాలమల్లూ, బయట మా ఆయనను ఎవరు లేపుతున్నరు?"

"లేపుడేందక్కా? స్ప్రింగు లెక్క లేస్తడు!" అన్నాడతను. "అవు గని, గింత దూరం ఎవరితోని వచ్చినవ్?"

అనంతమ్మ వెనక్కి చూసింది. ఎవరూ లేరు. తన మోకాళ్ల వంక చూసుకుంది. ముసలోడి మీద ఎన్నడూ లేనంత ప్రేమ పొంగింది.

ఇల్లు చేరేసరికి మోత వినిపించింది. ఈశ్వరయ్య చటుక్కున కూలబడి చెయ్యి చాపాడు. "లేవస్తలేదే..."

అనంతమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, పైకి లేస్తున్న విమానం వైపు చూసింది.

"దానికెవరిచ్చిండ్రు చెయ్యి?"

ఈశ్వరయ్య దొరికిపోయిన దొంగలా నవ్వాడు. ఆమె వచ్చి పక్కనే బస్కీకి కూర్చుంది.

"ఊఁ, ఇగ లే. ఎవరు ముందు లేస్తరో చూద్దాం."