కాటా పైనున్న తాబేలు డిప్ప

నిన్న క్రాన్‌బర్న్‌లో రోడ్డు దాటుతున్న పొడవు మెడ తాబేలును చెరువు గట్టు మీద వదిలి ఇంటికొచ్చాను. భయపడితే అది వదిలే కంపు సబ్బుకు లొంగదు. అన్నం కలుపుకుంటుంటే చేతికి అంటిన ఆ వాసనకు ఖాదర్ గారు గుర్తొచ్చారు. ఆయనది నెల్లూరు. గాయపడిన జంతువుల్ని చేరదీసే చోట పశువైద్యుడు. యూనివర్సిటీలో చదువుకుంటూ వారానికి రెండు రోజులు నేనక్కడ తొట్లు కడిగేదాన్ని. ఆయన నవ్వాలంటే మందుచీటీ రాయాలని వెనకాల వెక్కిరించేదాన్ని కూడా.

ఆ జనవరిలో, అంటే ఇక్కడ నడి ఎండాకాలంలో, కారు తగిలి డిప్ప పగిలిన ఆడ తాబేలొకటి వచ్చింది. మూడు నెలలు నేనే సాకాను. చలి ముదిరేలోపు దాన్ని చెరువుకు పంపాలని ఒకటే ఆరాటం. ఏప్రిల్లో కాటా మీద పెడితే, వచ్చిననాటి కన్నా బరువు పెరిగింది. సంబరంగా దాని వివరాలు రాసే కార్డు మీద, వదిలేయొచ్చని 'రెడీ' అని రాసేశాను.

ఖాదర్ గారు కార్డు చూసి, తాబేలును బకెట్ మీదకు వంచారు. అది పొట్టలోని నీళ్లన్నీ వదిలేసింది. పెరిగిందనుకున్న బరువు కాస్తా బకెట్లోకి పోయింది.

"వెనక కాలి ముందు గుంట ఉంది చూడు, అక్కడ వేలు పెట్టు," అన్నారు. చర్మం లోపలికి దిగింది. వేలికి ఏమీ తగల్లేదు.

"అక్కడుండాలమ్మాయ్ ఫ్యాట్. సమ్మరంతా తిని దాచుకోవాల్సిన టైమ్‌లో ఇది దెబ్బ మాన్పుకుంటా ఉండింది."

"వింటర్‌లో ఆకలికి చచ్చిపోతుందా అంకుల్?"

"నీళ్లు చల్లబడితే ఒళ్లంతా స్లో అయిపోద్ది, ఖర్చు తక్కువే. ఎక్కువ పోయేది గుడ్లలో పచ్చసొనకి. స్ప్రింగ్‌లో పెట్టే గుడ్లకి ఇప్పట్నుంచే కొవ్వు కరగతా ఉంటది. దీనికి గుడ్ల మాట అటుంచు, ఒళ్లు నిలబెట్టుకునేదానికే లేదు."

సాకింది నేను, నాకు తెలియదా అని ఒళ్లు మండింది. అది నా మొహంలో కనిపించిందేమో, కాటా పైన అరలో ఉన్న పాత డిప్పను కిందికి తీశారు. నేను అందులో పెన్నులు వేసేదాన్ని.

"దీనికీ రెడీ అనే రాసినా. నేనే, కాటా చూసి. స్ప్రింగ్‌లో నేను వదిలిన గట్టునే చచ్చి పడుండింది. కోసి చూస్తే చిటికెడు కొవ్వు లేదు."

పెన్నులు తీసేశాను. ఆయన కార్డు నా ముందు పెట్టారు. 'రెడీ'ని నేనే కొట్టేశాను.

చలికాలమంతా దాన్ని వెచ్చటి తొట్టిలో ఉంచి మేపాం. నవంబర్లో మళ్లీ వేలు పెడితే మెత్తగా, నిండుగా తగిలింది. "ఇప్పుడు రాయి," అన్నారు.

నిరుడు ఆయన పోయారు. గుర్తుగా ఆ డిప్పను ఇంటికి తీసుకెళ్లమన్నారు అక్కడ నాతో పనిచేసేవాళ్లు. ఆయన మీద బెంగ ఉన్నా, తెచ్చుకోలేదు. అది కాటా పైనే ఉండాలి. 'రెడీ' అని రాసేది ఇప్పుడు నేనే.