కాలవ పని అడగడం బాగోదట

అందరూ బాగున్నారాండీ? మలికిపురం వదినగారి మోకాళ్ల నొప్పులు, బావగారి దగ్గు, చంటిదాని జ్వరం తగ్గాయా? తగ్గకపోతే నాకు చెప్పకండి, నిద్రపట్టదు.

మా మనవరాలు శిరీష అమలాపురంలో గవర్నమెంటు ప్రాజెక్టు ఆఫీసులో కొత్తగా చేరింది. మురుగుకాలవల పని ఎంతవరకూ వచ్చిందో ఇంజినీర్లకు ఫోన్ చేసి కనుక్కోవాలి. కనుక్కోకపోతే తీసేస్తారని నా భయం. అందుకే ఈ రోజు క్యారియర్ వంకతో వెళ్లి పక్కనే కూర్చున్నాను.

అది ఒక ఇంజినీరుగారిని భోజనం, జలుబు, వాళ్లమ్మగారి నడుంనొప్పి అన్నీ అడిగి, "ఉంటానండీ" అని పెట్టేసింది.

"కాలవ సంగతి అడగలేదేమే?" అన్నాను.

"ఒంట్లో బాలేనాయన్ని పనెంతయిందని ఎలా అడుగుతాం మామ్మా? బాగోదు."

మళ్లీ ఫోన్ చేయించి నేనే, "బాబూ, కాలవ తవ్వేరా లేదా?" అన్నాను.

"లేదండీ మామ్మగారూ. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండీ" అన్నారాయన.

అంత నిశ్చింతగా బతికే మనిషిని నేను చూడలేదు.

శిరీష ఫోన్ లాక్కుని, "గురువారం వచ్చి చూస్తానండీ. అప్పటికి తవ్వే మిషన్ కాలవలోకి దిగి ఉండాలండీ. లేకపోతే మా సారుకి మీ పేరే చెప్తాను" అంది. ఆ వెంటనే, "అమ్మగారిని అడిగేనని చెప్పండి" అని కూడా అంది.

మీ పిల్లలూ ఇలాగే అడుగుతారా, చెప్పండి. దాని ఉద్యోగం నిలిచేలా ఉంది కానీ, కాలవగట్టున కాలు జారుతుందేమోనని గురువారం నేనూ వెళ్తున్నాను.