తెర వదిలేసి బల్లెక్కిన మంజుల

మాది ఇబ్రహీంపట్నం అనగానే హైదరాబాదులో అందరూ అడిగేది ఒక్కటే: "అక్కడ గజం ఎంత పలుకుతోంది?" ఊరంటే ప్లాట్లేనా అని నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే, అక్కడి పత్తి కూలీ ఆడవాళ్ళు ట్రాక్టరు ప్రమాదంలో తాము పడ్డ బాధను నాటకంగా ఆడుతున్నారని తెలియగానే ఓ ఆదివారం బయల్దేరాను. గొప్పగా చెప్పుకోవడానికి ఏదైనా దొరుకుతుందన్న ఆశ కూడా ఉంది, దాచడమెందుకు.

ఎల్బీనగర్‌లో తొమ్మిదింటికి సాగర్ రోడ్డు బస్సెక్కితే గంటలో దిగిపోవచ్చు. ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టే. బస్టాండు నుంచి మహిళా సంఘం భవనానికి ఆటో ఇరవై రూపాయలు. "ట్రాక్టర్ నాటకానికా అక్కా?" అని డ్రైవరే అడిగాడు. "మా అమ్మ గూడ ఉన్నది అండ్ల. డప్పు కొడ్తది. మస్తు కొడ్తది!" ఆ మాట చెప్పేటప్పుడు అద్దంలో అతని ముఖం చూసి తీరాలి.

నాటకం నేర్పిస్తున్న రేణుక సర్కారు బడి టీచరు. చాయ్ ఇస్తూ సంగతంతా చెప్పింది. రెండేళ్ళ కింద పత్తి ఏరడానికి పోతుంటే ట్రాలీ బోల్తా పడి లక్ష్మి అనే ఆమె చనిపోయింది. పక్కనే కూర్చున్న చెల్లెలు మంజుల బతికింది గానీ ఆ రోజు గురించి ఇంతవరకు నోరు విప్పలేదు. తల్లి అంజమ్మ ఇంట్లో లక్ష్మి పేరే ఎత్తనివ్వదు.

"ఎవల బాధ వాళ్ళు ఆడొద్దు, అది మా పద్ధతి. పక్కామె ఆడ్తది, మనం చూస్తం. మంజుల తెర గుంజుతది, గంతే," అంది రేణుక. "ఇయ్యాల అంజమ్మ మొదటిసారి చూడనీకి వస్తున్నది. ఆమె నడుమల లేచిపోయిందనుకో, ఇగ ఈ నాటకం ఆడం."

పదకొండింటికి డప్పు మోగింది. నాలుగు బల్లలు కలిపితే ట్రాలీ అయింది. లక్ష్మి వేషం వేసినామె, పోయిన మనిషి మీద గౌరవంతో కాబోలు, చేతులు జోడించి, "చెల్లీ, జాగ్రత్తగా కూర్చోమ్మా" అంది. జనం వెనక కూర్చున్న అంజమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కాలితో చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. నా పక్కనున్న రేణుక ముఖం పాలిపోయింది.

"గట్ల ఎన్నడన్నది మా అక్క?"

తెర దగ్గర మంజుల! తాడు వదిలేసి వచ్చి బల్లెక్కింది. కొంగు నడుముకు దోపి, "జరుగవే! ఈ ట్రాలీ మీ మేనమామ రాసిచ్చిండా?" అంది. వేషం వేసినామె బిత్తరపోయి జరిగింది. మంజుల ముందుకు తిరిగి గొంతు పెంచింది. "ఏమయ్యో డ్రైవర్, పత్తికి పోతున్నమా, ఎవల పెండ్లికన్న పోతున్నమా? జర మెల్లగ పోనియ్!" జనం పడీపడీ నవ్వారు. ఆ రోజు లక్ష్మి నిజంగా అన్న మాటలే అవని తర్వాత మంజులే చెప్పింది.

ఇంతలో డప్పు ఆగింది. ట్రాలీ బోల్తా పడిందని అర్థం. మంజుల బల్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అంజమ్మ లేచి నేరుగా బల్ల దగ్గరికి నడిచింది.

"గదే. గట్లనే మాట్లాడ్తుండె నా లక్ష్మి," అంది అందరికీ వినబడేలా. "మల్లొక్కసారి అను బిడ్డా."

మంజుల ముక్కు తుడుచుకుని లేచి నిలబడింది. "జరుగవే!"

పోయినవాళ్ళను దేవతలను చేసి మాట్లాడటమే మర్యాద అనుకుంటాం. అంజమ్మకు మాత్రం నోటి దురుసు ఉన్న తన బిడ్డే కావాలి. ఆ బిడ్డను ఆమెకు చూపించింది మనసుకు మందిచ్చే డాక్టర్లు కాదు, పొద్దంతా చేన్లలో నడుం వంచే ఆడవాళ్ళు. వాళ్ళు మావాళ్ళని చెప్పుకోవడానికి నాకెంత గర్వంగా ఉందో! అంజమ్మ ఇప్పుడు ఒక్క ఆదివారం కూడా మానడం లేదని రేణుక ఫోన్లో చెప్పింది. మీరూ వెళ్ళేటట్లయితే పదిన్నరకల్లా చేరుకుని, ఫోను సంచిలో పెట్టేసి, జంపఖానా మీద కూర్చోండి. లక్ష్మి మాటలకు నవ్వొస్తే మర్యాద కోసం ఆపుకోకండి. వెనక కూర్చున్న వాళ్ళమ్మ మీ నవ్వు కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది.