జెట్టీ కింద చేతులు కట్టుకుని

పోయినసారి తూత్తుకుడి జెట్టీ కింద మునిగి, రెండు నిమిషాల్లోనే బెదిరి పైకి వచ్చేశాను. "ఇంకొక్కసారి తీసుకెళ్తాను. మళ్ళీ బెదిరితే ఇక అడగొద్దు" అన్నాడు స్కూబా నేర్పే సెల్వం అన్న. ఆ ఒక్కసారి కోసమే ఈ ప్రయాణం.

శుక్రవారం సాయంత్రం విరుదునగర్‌లో ఆఫీసు ముగించుకుని కోవిల్‌పట్టి పక్కన మా ఊరు చేరాను. శనివారం తెల్లవారుజామున 4.50కి కోవిల్‌పట్టిలో తూత్తుకుడి బస్సెక్కాం. తోడు మా మేనమామ. నల్లరేగడిలో మినుము, మిరప పండిస్తాడు. చేనిబావిలో నాకు ఈత నేర్పింది ఆయనే.

"బాయిలో దూకినోడివి, కడల్లో ఏమిరా బయం?" అంటూ వేరుశనగ మిఠాయి చేతిలో పెట్టాడు.

"బాయిలో అలిసిపోతే గోడ పట్టుకుంటిమి మామా. ఆడ ఏముండాది?"

"జెట్టీ కంబాలు వుండాయి గదరా, పట్టుకో!"

ఇద్దరం నవ్వుకున్నాం.

6.30కి దిగాం. రెండు ఇడ్లీలు చాలు. నిండు కడుపుతో మునగకూడదు. గాలి లేవకముందే నీరు తేటగా ఉంటుంది కాబట్టి 7.15కల్లా జెట్టీ మీద ఉండాలి. చేతితొడుగులు అడిగాను.

"ఇస్తే అన్నీ తాకుతారు, తంబీ" అన్నాడు సెల్వం అన్న.

మామ జెట్టీ మీదే కూర్చున్నాడు. 7.40కి నేనూ సెల్వం అన్నా మునిగాం. లోతు నాలుగు మీటర్లు. స్తంభాల నిండా ముత్యపు చిప్పలు, నారింజరంగు స్పాంజీలు. వాటి మధ్య నల్లచారల చిన్నచేపల గుంపు, నా వంక డెక్క ఊపిన ఒక పీత. ఇంతలో అల తోపుకు పక్కకు ఒరిగాను. బుడగలు గబగబా లేచాయి. బావి అలవాటుతో చెయ్యి స్తంభం మీదికి పోయింది.

సెల్వం అన్న నా మణికట్టు ఒడిసి పట్టాడు. వేలితో చూపించాడు. స్తంభానికి అంటుకున్న రాయి అనుకుని నేను పట్టుకోబోయినదానికి కన్ను ఉంది. వీపున విషపు ముళ్ళు వరసగా లేచి ఉన్నాయి.

ఇక పైకి పొమ్మంటాడనుకున్నాను. అనలేదు. తన చేతులు రొమ్ము మీద కట్టుకుని చూపించాడు. నేనూ కట్టుకున్నాను. బుడగలు నెమ్మదించాయి. రాయిలాంటి ఆ చేప కదల్లేదు, నేనూ కదల్లేదు. ఇరవయ్యారు నిమిషాలు నీళ్ళలోనే ఉన్నాను.

పైకి వచ్చాక "వచ్చే నెల ఇంకాస్త లోతుకు పోదాం" అన్నాడు. ఆ మాటకు దణ్ణం పెట్టాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్కటే చెబుతాను: అక్కడ మనం అతిథులం. చేతులు మన దగ్గరే పెట్టుకుంటే అన్నీ కనిపిస్తాయి.

11.20కి తిరుగు బస్సు. జరిగిందంతా మామకు చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది.

"నేను గదరా పట్టుకోమంటిని."

"నీకేమి తెలుసు మామా, నాకే తెలీలేదు."

మామ నా చెయ్యి తీసుకుని ఒక్కొక్క వేలూ తిప్పి చూశాడు. తర్వాత తన కుడిచేత్తో పట్టుకుని ఒడిలో పెట్టుకున్నాడు. కండక్టర్ వస్తే డబ్బు ఎడమచేత్తో ఇచ్చాడు. కండక్టర్ చురచురా చూశాడు.

"తప్పుగా అనుకోవద్దు తంబీ" అన్నాడు మామ తమిళంలో. "కుడిచేతికి పని ఉంది."