‘తర్వాత’ నొక్కే మనిషి

మా ఆయన ఈ జీవితంలో నమ్మినవి రెండే. ఒకటి, శీతల గిడ్డంగిలో ఆయన బల్ల మీదున్న పాత కంప్యూటరు. రెండోది ‘తర్వాత’ అనే మాట. ఆ లెక్కలో నేనెప్పుడూ లేను, అందుకు నాకు బాధా లేదు.

వంటింటి కుళాయి కారుతోందంటే తర్వాత. పంటి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లమంటే తర్వాత. చివరికి ఆ పన్ను దానంతటదే ఊడి చేతిలో పడింది. “చూశావా, డాక్టరుతో పనే పడలేదు” అన్నారు. రేపు అన్నదానికి రూపు లేదంటారు. ఆ మాట అన్నవాళ్లు మా ఆయన్ని చూసి ఉండరు.

గిడ్డంగిలో ఆయన పని చల్లటి గదుల్లో చలి సరిగా ఉందో లేదో కనిపెట్టడం. గదుల నుంచి రీడింగులు ఆ పాత కంప్యూటరుకు వస్తాయి. అక్కణ్ణుంచి వైర్ల మీదుగా పై అంతస్తు ఆఫీసుకు వెళ్తాయి. ఆ వైర్లు కొత్తవి, వేసింది నా తమ్ముడు. నాకున్నది వాడొక్కడే. వాణ్ణి ఆ పనిలో పెట్టించింది మా ఆయనే. అంటే పోట్లాటకు కావలసిన సరంజామా అంతా ఇంట్లోనే సిద్ధంగా ఉందన్నమాట.

రీడింగులు దారిలో మాయమవడం మొదలైంది. మేనేజరు ఇద్దర్నీ పిలిచి అడిగాడు.

“వైర్లు సరిగా వేయలేదండీ” అన్నారు మా ఆయన.

“ఆ డబ్బాని ఎప్పుడో అవతల పారేయాల్సింది సార్” అన్నాడు తమ్ముడు.

పరాయివాళ్లయితే అది అక్కడితో పోయేది. వీళ్లు బావాబావమరుదులు. తమ్ముడు మా ఇంటికి రావడం మానేశాడు. ఆదివారం వాడి కంచం బోర్లించినట్టే ఉండేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. అడకత్తెరలో పోకచెక్క బతుకు నాది.

మేనేజరు ఒక ఉపాయం చెప్పాడు. వైరు మీద పోయే ప్రతి సందేశాన్నీ పట్టి చూపించే ప్రోగ్రాం ఒకటుందట. దాన్ని పాత కంప్యూటరులో పెడితే రీడింగులు అక్కడ బయల్దేరాయో లేదో తెలిసిపోతుంది. బయల్దేరితే తప్పు వైర్లది, లేకపోతే కంప్యూటరుది. అయితే దానికి ఒక డ్రైవరు కావాలి. బండి నడిపే డ్రైవరు కాదు, వైరు తగిలించే నెట్‌వర్కు కార్డుకూ ఆ ప్రోగ్రాముకూ మధ్య మాటలు మోసే చిన్న సాఫ్ట్‌వేరు. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది.

కొత్త డ్రైవరు ‘ఈ కంప్యూటరు మరీ పాతది’ అని మొహం తిప్పుకుంది. మా ఆయనకు ఆ మాట తననే అన్నట్టు తగిలింది. వెతికి వెతికి పాత డ్రైవరు తెచ్చి ఎక్కించారు. ప్రోగ్రాం తెరిస్తే నెట్‌వర్కు కార్డే కనబడలేదంది. తీసేసి మళ్లీ ఎక్కించారు. మళ్లీ అదే పాట. రోజూ ఇంటికొచ్చి ఆ డ్రైవరు రాసినవాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవారు.

ఒకరోజు ఆయన భోజనం డబ్బా మర్చిపోతే నేనే తీసుకెళ్లాను. కంప్యూటరు స్విచ్చి మీద, ఎవరి వేలూ పడకుండా, దెబ్బలకు వేసే పట్టీ అంటించి ఉంది. డ్రైవరు మళ్లీ ఎక్కుతోంది. చివర్లో తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. పని పూర్తి కావాలంటే కంప్యూటరును ఆపి మళ్లీ మొదలుపెట్టాలట. కింద రెండు బటన్లు: ‘ఇప్పుడే’, ‘తర్వాత’. మా ఆయన ఆలోచించనైనా లేదు, రెండోది నొక్కేశారు.

“ఏమండీ, ఆపి మళ్లీ మొదలుపెట్టమనే కదా అది అడుగుతున్నది!”

“నీకేం తెలుసు? ఆపితే ఇది మళ్లీ లేవదు.”

“ఇదివరకు ఎప్పుడు ఆపారు?”

“ఆపనే లేదు. అందుకే బతికుంది.”

నాకు ఒళ్లు మండింది. “మీ కంప్యూటరు లేస్తుందో లేదో గానీ, నా తమ్ముడు మాత్రం మన గడప తొక్కడం లేదు” అనేసి, డబ్బా బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు సాయంత్రం ఆయన నేరుగా వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించారు. “ఆపి లేపాను. లేచింది. అప్పట్నుంచి ఒక్క రీడింగూ పోవడం లేదు. ఇన్నాళ్లూ తప్పు దానిదేనేమో. రేపు మేనేజరుకు చూపించాలి. మీ తమ్ముడితో మాత్రం అనకు.”

ఆయన స్నానానికి వెళ్లగానే ఫోను మోగింది. తమ్ముడు. “అక్కా, ఒక వైరు చివర వదులుగా ఉంది. రేపు అందరి ముందూ బయటపడుతుందని ఇవాళే మార్చేశా. బావతో అనకు.”

గుమ్మడికాయల దొంగ అంటే ఇద్దరూ భుజాలు తడుముకున్నారు, అదీ నా దగ్గరికొచ్చి మరీ.

మర్నాడు ప్రోగ్రాం లక్షణంగా పనిచేసింది. రీడింగులన్నీ బుద్ధిగా బయల్దేరి బుద్ధిగా చేరాయి. “మరి ఇన్నాళ్లూ ఏమైనట్టు?” అని మేనేజరు అడిగితే, “చలికి అయ్యుంటుంది సార్” అన్నారట ఇద్దరూ. వాళ్లిద్దరి మాటా కలవడం అదే మొదటిసారి.

ఆదివారం తమ్ముడొచ్చాడు. వాడి కంచం తిప్పి పెట్టి, అడక్కుండానే రెండు గరిటెలు ఎక్కువ వడ్డించాను. ఒకరు కంప్యూటరును పొగిడారు, ఒకరు వైర్లను పొగిడారు. అంతటితో మా ఆయన ఊరుకోవచ్చుగా!

“నువ్వే చెప్పవే, అసలు తప్పెవరిది?” అన్నారు.

తమ్ముడి చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. అడిగినాయనకు తానేం అడిగారో అప్పుడు తెలిసొచ్చి పొలమారింది. ఇద్దరూ కళ్లతోనే నన్ను బతిమాలుతున్నారు. నేను నోరు విప్పితే ఆ కంచం మళ్లీ బోర్లా పడుతుంది.

మా ఆయనకు మంచినీళ్లు అందించాను.

“తర్వాత చెబుతాను” అన్నాను.